గులాబీ రంగు ఇటుక, పసుపు రంగు కొయ్య

అమెరికా దక్షిణాది చిన్న ఊళ్ల బజార్ల కథ చౌకులోని ఫలకాల కన్నా బీమా కంపెనీల కోసం గీసిన పటాలే బాగా చెబుతాయి.

అమెరికా దక్షిణాది పాత బజార్ల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గడువు గురువారం. నడుమ కోర్టు, చుట్టూ చౌకు, రెండంతస్తుల ఇటుక దుకాణాలు: ఇలాంటి ఫొటోలకు కొదవలేదు. నన్ను కదలనివ్వనివి మాత్రం శాన్‌బోర్న్ కంపెనీ పటాలు.

అగ్నిప్రమాద బీమాకు ప్రీమియం ఎంత వేయాలో తేల్చడానికి 1867లో మొదలైన పని ఇది. సర్వేయర్లు ఊరూరా తిరిగి, 50 అడుగులకు అంగుళం చొప్పున ప్రతి కట్టడాన్నీ గీశారు. ఇటుకకు గులాబీ రంగు, కొయ్యకు పసుపు, రాతికి నీలం. ‘ఎస్’ అంటే దుకాణం, ‘డి’ అంటే నివాసం. అంతస్తులు, పైకప్పు, నీటి గొట్టాలు, ఏదీ వదల్లేదు. కట్టడం మారితే కొత్త బొమ్మను చీటీగా కత్తిరించి పాత పటం మీదే అతికించేవారు. ఒకే ఊరి పటాలను ఏళ్ల వరుసలో చూస్తే, చాలాచోట్ల బజారులో పసుపు తగ్గి గులాబీ పెరుగుతుంది. కొయ్య దుకాణాలు తగలబడ్డాక జనం ఇటుకకు మారారు.

దక్షిణాది పటాల్లో ఇంకో గుర్తుంది. కొన్ని ఇళ్ల మీద, చర్చిల మీద, బళ్ల మీద ‘నీగ్రో’ అనో, ‘కలర్డ్’ అనో రాసి ఉంటుంది. తెల్లవాళ్ల ఇంటికి ఏ ముద్రా ఉండదు. నిప్పుకు లేని పట్టింపు బీమా వ్యాపారానికి ఉంది. అందుకే కొత్త రంగులేసిన చౌకుల అందం చూసి నేను తొందరగా మురిసిపోలేను.

మిగతా చరిత్ర గబగబా చెప్పుకుందాం. రైలొచ్చింది, పత్తి వ్యాపారం పెరిగింది, బ్యాంకులు లేచాయి. కేటలాగ్ చూసి ఆర్డరిస్తే సెయింట్ లూయిస్‌లోని మెస్కర్ సోదరులు దుకాణం ముఖభాగాన్నే లోహంతో చేసి పంపేవారు. పత్తికాయను తొలిచే ముక్కుపురుగు, పత్తి తీసే యంత్రం, బైపాస్ రోడ్డు, 1962లో మొదలైన వాల్‌మార్ట్ కలిసి బజార్లను ఖాళీ చేశాయి. 1966 చట్టంతో జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్ వచ్చింది. అందులోకెక్కిన వ్యాపార భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ. యజమాని సొంత డబ్బుతో కూల్చేస్తానంటే మాత్రం ఆ రిజిస్టర్ ఆపలేదు.

సమ్నర్ కోర్టు
మిసిసిపీలో కొన్ని వందల జనాభా ఉన్న ఊరు సమ్నర్. 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను చంపిన కేసులో నిందితులను 1955 సెప్టెంబరులో ఇక్కడి కోర్టులోనే, అందరూ తెల్లవాళ్లయిన జ్యూరీ గంట పైచిలుకులో వదిలేసింది. 2007లో ఇదే కోర్టు ముందు టిల్ కుటుంబానికి క్షమాపణ చదివి వినిపించారు. తర్వాత కోర్టు గదిని 1955 నాటి రూపానికి తెచ్చారు. 2023లో ఇది జాతీయ స్మారకంలో భాగమైంది. భవనాన్ని కాపాడడమంటే ఇదీ.

శాన్‌బోర్న్ పటాలు చాలావరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉన్న మనవాళ్లు ఈసారి ఏ చిన్న ఊరికైనా వెళ్తే, చౌకులో ఫొటో దిగే ముందు ఆ ఊరి పటం తెరిచి చూడండి. ఫలకం తర్వాత చదవొచ్చు.