పాత బండికి ఇంటివైద్యము

రెండేండ్ల క్రిందట ఆషాఢమాసమున, రాత్రియంతయు వాన కురిసి వెలిసిన యొక ఉదయమున, మా వాకిట నిలిచియున్న 1997 నాటి మారుతి 800 లో కూర్చుండి తాళపుచెవి త్రిప్పగా, ఇంజను తిరుగుటకు మారు ‘టక్కు’ మని యొక చిన్న శబ్దము వినబడి అంతటితో ఆగిపోయెను. దీపములు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది, సెల్ఫు మాత్రము కదలదు. మెకానికును పిలువగా ఆయన వచ్చి చూచి, బాటరీ చచ్చినదని చెప్పి క్రొత్తది వేసెను. నాలుగు దినములు బండి చక్కగా నడచెను. ఐదవ దినమున మరల అదే శబ్దము. ఈమారు సెల్ఫుమోటారే చెడినదని నిర్ణయించి, దానిని విప్పి, బాగుచేయించి తెచ్చి బిగించెను. వారము తిరుగకమునుపే బండి మరల మొరాయించెను. అప్పటికి నా చేతినుండి ఆరువేల రూపాయలు వెడలిపోయినవి.

దోషము తుదకు బయటపడినది బాటరీలోను కాదు, మోటారులోను కాదు. బాటరీ ఋణధ్రువమునుండి బయలుదేరి ఇంజనుకును బండి ఇనుపదేహమునకును బిగింపబడి యుండు ఎర్తుతీగ చివర, ఒక బోల్టు క్రింద, ఇరువదియైదేండ్లుగా పేరుకొన్న తుప్పులో అది దాగియుండెను. బాటరీ మార్చినప్పుడును, మోటారు విప్పినప్పుడును ఆ తీగ కొంచెము కదలి, తుప్పు కొంత రాలి, నాలుగు దినములపాటు స్పర్శ కుదిరెను. అందుచేత మార్చిన సామానువలననే బండి బాగుపడినదని మేమిరువురము భ్రమపడితిమి. ఆ తీగను విప్పి, ఉప్పుకాగితముతో ఇనుము తళుక్కుమను వరకు రుద్ది, మరల బిగించి, పైన కొంత గ్రీజు పూయుటకు నాకు పట్టినది అరగంట.

ఇందులో ఆ మెకానికును నిందింపవలసినది ఏమియు లేదు. మనము షెడ్డునకు బోయి సామానుకు ధర చెల్లింతుము, బిగించినందుకు కూలి ఇత్తుము. కాని రెండుగంటలు ఓపికతో వెదకి ‘ఇచ్చట తుప్పున్న’ దని చూపిన వానికి వెదకినందుకు కూలి ఇచ్చు ఆచారము మనలో లేదు. వెదకుటకు ప్రతిఫలము లేనిచోట ఎవరైనను ఊహించి మార్చుటకే పూనుకొందురు. పాత బండి యజమాని తన చేతులతో చేసికొనదగిన పనులలో మిక్కిలి లాభకరమైనది, కాబట్టి, ఈ వెదకుటయే. పానా పట్టుట దాని తరువాతిది.

దీపములు వెలిగినను సెల్ఫు తిరుగకపోవుట మొదట వింతగా తోచును గాని లెక్క వేసినచో తేటపడును. హెడ్‌లైటు బుడ్డి యొకటి పీల్చుకొను విద్యుత్తు సుమారు 5 ఆంపియర్లు. ఇంజనును త్రిప్పునప్పుడు సెల్ఫుమోటారు పీల్చుకొనునది 100 ఆంపియర్లకు తక్కువ కాదు. తుప్పుపట్టిన బోల్టు క్రింద ఓములో నూరవవంతు నిరోధము ఏర్పడెననుకొనుడు. దీపమునకు అందువలన కలుగు నష్టము వోల్టులో ఇరువదవ వంతు. కంటికి తెలియనే తెలియదు. మోటారునకో, అదే నిరోధము ఒక నిండు వోల్టును మ్రింగివేయును. తుప్పు మరికొంత బలిసి ఓములో ముప్పదవ వంతైనచో మూడు వోల్టులు మార్గమధ్యముననే హరించిపోవును. అంతట క్రొత్త బాటరీయైనను, క్రొత్త మోటారైనను చేయగలుగునది లేదు.

దీనిని కనుగొనుటకు వలసిన సాధనము మల్టీమీటరు. విద్యుత్సామగ్రి దుకాణములలో మూడునాలుగు వందల రూపాయలకు లభించును. రాత్రియంతయు విశ్రమించిన మంచి బాటరీ ధ్రువములమధ్య 12.6 వోల్టులు చూపవలెను, 12.2 కు దిగినచో సగము ఖాళీయైనదని యర్థము. ఇంజను తిరుగుచుండగా 13.8 మొదలు 14.5 వరకు చూపినచో ఆల్టర్నేటరు తన పని చేయుచున్నదని నమ్మవచ్చును. ఇక నేను చేసిన పరీక్ష ఏమనగా, మీటరు సూదులలో ఒకదానిని బాటరీ ఋణధ్రువముపైనను, రెండవదానిని ఇంజనుపై మకిలి లేని లోహముపైనను ఆనించి, ఇంటివారిని తాళపుచెవి త్రిప్పుమనుట. తీగ శుద్ధముగా నున్నప్పుడు ఈ రెంటి నడుమ వోల్టులో నాలుగవ వంతుకు మించి భేదముండరాదు. నా బండిలో అది మూడు దాటెను. ఆ అంకెను చూచిన పిమ్మట ఊహకు తావు లేకపోయెను.

మన దేశమున సొంతచేతి మరమ్మతు నేర్చుకొనువానికి ఈ చిన్న బండికంటె అనుకూలమైనది మరియొకటి నాకు కానరాదు. 1983 డిసెంబరు 14 వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మొదటి మారుతి తాళములను దాని యజమానికి అందించినది మొదలు, 2014 జనవరిలో తయారీ నిలిచిపోవువరకు, ఇరువదియైదు లక్షలకు పైగా బండ్లు దేశమున వ్యాపించినవి. మూడు సిలిండర్లతో, 796 ఘనసెంటీమీటర్ల పరిమాణము గల ఆ చిన్న ఇంజనే ఓమ్నీ వానులోను ఉండుటచేతను, ఓమ్నీ 2019 వరకు తయారగుటచేతను, దాని విడిభాగములు నేటికిని పట్టణమున నలుగురడుగు సామానులవలెనే దొరకుచున్నవి. అయితే అంకె ఒకటే గదా యని ఆల్టో సామాను కొనరాదు. ఆల్టో ఇంజనుకు 12 కవాటములు, కార్బొరేటరు గల 800 ఇంజనుకు ఆరే. పానాల విషయమును అటువంటిదే. అంబాసిడరును బాగుచేయుచు వృద్ధులైన మేస్త్రీల పెట్టెలలో అంగుళముల కొలత పానాలుండెడివి. ఈ జపాను సంతతి బండికి 10, 12, 14, 17 మిల్లీమీటర్లవి చాలవరకు చాలును. కొలత కుదరని పానాతో త్రిప్పినచో నట్టు మూలలు అరిగి గుండ్రనగును. పిమ్మట ఏ పానాయు దానిని పట్టదు.

ఇంజను లోపల ఎట్లున్నదో తెలియుటకు దానిని విప్పనక్కరలేదు, స్పార్కుప్లగ్గులు చెప్పును. చల్లారిన ఇంజనునుండి మూడింటిని విప్పి, ఏది ఏ సిలిండరుదో తారుమారు కాకుండ వరుసగా కాగితముపై నుంచి చూడుడు. కొన బిస్కత్తు రంగున నున్నచో దహనము సమముగా జరుగుచున్నది. పొడిమసితో నల్లబారినచో పెట్రోలు ఎక్కువై గాలి తక్కువగుచున్నది. అట్టియెడ కార్బొరేటరుపై చేయి వేయకమునుపు ఎయిర్‌ఫిల్టరును తీసి వెలుతురునకు పట్టి చూడవలెను, ఏలయన దుమ్ముతో మూసికొనిపోయిన ఫిల్టరు కారణముగా నిరపరాధియైన కార్బొరేటరును విప్పి చెడగొట్టుకొన్నవారు పెక్కుమంది. తడిగా, నూనె జిడ్డుతో నున్నచో పిస్టను రింగులో కవాటపు సీళ్ళో అరిగినవని సూచన. అది ఇంటిలో తీరు వ్యాధి కాదు. మూడింటిలో ఒక్కటి మాత్రమే భిన్నముగా నున్నచో దోషము ఆ సిలిండరుకు చెందినదని తెలియును గనుక వెదకుట మూడవవంతునకు తగ్గును. తిరిగి బిగించునప్పుడు మొదటి చుట్లన్నియు వ్రేళ్ళతోనే త్రిప్పవలెను, ఏలయన సిలిండరు తల అల్యూమినియముది, మర వంకరగా ఎక్కినచో నూరు రూపాయల పని వేలకు పెరుగును.

వేడిమి సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన మన తెలుగునాట పాతబండ్లకు జరుగు అపచారములలో ఇది ముఖ్యమైనది. వైశాఖమాసపు ఎండలో బండి రెండుమారులు పొంగినదనగానే థర్మోస్టాటును పెరికి పారవేయుట మన షెడ్లలో చిరకాలముగా నున్న వాడుక. థర్మోస్టాటనగా ఒక మైనపు గుళికతో పనిచేయు చిన్న తలుపు. ఇంజను చల్లగా నున్నంతవరకు మూసికొని నీటిని రేడియేటరువైపు పోనీయదు. తగిన వేడిమి రాగానే మైనము కరగి వ్యాకోచించి తలుపును తెరచును. దానిని తీసివేసినచో ఇంజను ఎన్నడును తనకు తగిన వెచ్చదనమునకు రాదు; పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక సిలిండరు గోడలపై చేరి, అచ్చటి నూనెపొరను కడిగివేసి, క్రిందికి జారి ఇంజను ఆయిలును పలుచన చేయును. మైలేజీ తగ్గును, రింగులు త్వరగా అరుగును. పొంగుటకు అసలు కారణము సాధారణముగా మరియొకచోట నుండును. మన బోరునీటిలోని లవణములు రేడియేటరు సన్నని గొట్టములలో, కాఫీగిన్నె అడుగున వలెనే, తెల్లని పొరగా గట్టిపడి దారిని మూసివేయును. అందుచేత అందులో పోయవలసినది డిస్టిల్డు వాటరు, కూలెంటు. బావినీరు, బోరునీరు కావు. రేడియేటరు మూతయందలి రబ్బరును చూడవలెను. ఆ మూత వ్యవస్థలో చదరపు సెంటీమీటరునకు 0.9 కిలోగ్రాముల పీడనమును నిలుపుటచేతనే లోపలి నీరు 100 డిగ్రీలకు మరుగక 118 వరకు తాళుచున్నది. రబ్బరు పగిలినచో ఆ రక్షణ పోవును. ఇంజను వేడిగా నున్నప్పుడు అదే మూతను తెరచుట యనగా ఆ నీటినంతను ఒక్కమారుగా మరిగించి ముఖమునకు చల్లుకొనుటయే, గంటసేపైనను ఆగుడు.

థర్మోస్టాటు మంచిదో కాదో తెలిసికొనుటకు వంటయిల్లే ప్రయోగశాల. ఇక వాడుకకు పనికిరాని యొక గిన్నెలో నీరు పోసి, దానిని దారముతో అడుగు తగులకుండ వ్రేలాడగట్టి, పొయ్యి వెలిగించి, ప్రక్కన ఉష్ణమాపకము నుంచి చూచుచుండవలెను. తెరచుకొనవలసిన ఉష్ణోగ్రత దాని యంచుననే ముద్రింపబడి యుండును. ఆ అంకె సమీపమున తలుపు మెల్లగా పైకి లేచుట కంటికి కనబడును. నీరు తెర్లుచున్నను కదలనిచో అది మార్చదగినది.

ఆయిలు మార్చుట వీనియన్నిటికంటె సులభము. మూడు లీటర్లకు మించి పట్టదు. డ్రెయిను బోల్టు వాషరు మార్చుట మరువరాదు. పాత ఆయిలును మురుగుకాలువలో పోయరాదు. డబ్బాలో నింపి, సేకరించు షెడ్డులో అప్పగించుట ధర్మము.

సామాను కొనుటయందు నేను పాటించు పద్ధతి యొకటి కలదు. విజయవాడ ఆటోనగరుకు గాని సికిందరాబాదు రాణీగంజుకు గాని పోవునప్పుడు విప్పిన పాతభాగమును సంచిలో వేసికొని పోవుదును. పేరు చెప్పి అడిగినప్పుడు నాలుగురకములు చూపెదరు, వస్తువును బల్లపై నుంచినప్పుడు ఒక్కటే చూపెదరు. తలుపుపిడి, అద్దము, దీపపు గుల్ల, ఆల్టర్నేటరు మొదలగువానిని విప్పిన బండ్లనుండి తెచ్చికొనుట తప్పు కాదు, పైగా కొన్నియెడల పాత అసలుభాగము క్రొత్త నకిలీకంటె మేలు. రబ్బరుతో చేసినది, బ్రేకులకు చెందినది ఏదియు సెకండుహాండులో కొనరాదు. రబ్బరు వాడకున్నను ముసలిదగును.

బ్రేకులను, స్టీరింగును, టైమింగుబెల్టును నేను ముట్టను. ఇది భయముచేత కాదు. ప్లగ్గు బిగించుటలో పొరపడినచో బండి ఆగును. బ్రేకుగొట్టము బిగించుటలో పొరపడినచో బండి ఆగదు. అయినను వానినిగూర్చి తెలిసికొనవలసినది చాల కలదు. ఉదాహరణమునకు బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 3 రకపు నూనె క్రొత్తగా నున్నప్పుడు కనీసము 205 డిగ్రీలవరకు మరుగదు. తేమ చేరిన పిమ్మట ఆ కనీసము 140 కి పడిపోవును. ఘాటురోడ్డున దిగునప్పుడు ఎడతెగక బ్రేకు త్రొక్కుటచే చక్రములయొద్ద వేడి పెరిగి ఆ నూనె మరగినచో, ఏర్పడిన ఆవిరి కాలి ఒత్తిడికి నలిగిపోవును గాని చక్రమును పట్టదు, పెడలు నేలకంటును. కావున రెండేండ్లకొకమారు ఆ నూనెను మార్పింపుమని మేస్త్రీతో చెప్పుటయు, ఆయన చేయుచుండగా ప్రక్కన నిలిచి చూచుటయు యజమాని పనియే.

మోటారువాహనముల చట్టప్రకారము సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును; పిదప తనిఖీచేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. నా బండి అట్లు 2012 లోను, 2017 లోను, 2022 లోను మూడుమారులు నెగ్గినది. ప్రతిపనిని తేదీతోను, కిలోమీటర్ల అంకెతోను వ్రాసియుంచిన నోటుబుక్కు ఆ తనిఖీలకు ముందు నాకెంతయో తోడ్పడినది.

ఈ వ్యాసము చదివి ఎవరికైనను చేయి దురదపెట్టినచో వారికొక విన్నపము. బాటరీ విప్పునప్పుడు ఋణధ్రువమునే ముందుగా విప్పుడు. ధనధ్రువమును ముందు విప్పబోయి పానా బండిదేహమునకు తగిలినచో నిప్పులు చిమ్మును, బాటరీనుండి వెలువడు హైడ్రోజను అంటుకొనును. మరియు, బండి చిన్నదనుకొనరాదు. దాని బరువు 650 కిలోగ్రాముల ప్రాంతము. బండితో వచ్చు జాకీ చక్రము మార్చుటకు ఏర్పడినది. దాని నమ్మకముపై బండిక్రిందికి దూరరాదు. ఇటుకలును రాళ్ళును బరువునకు చెప్పకుండ పగులును. కాబట్టి పానాల పెట్టె కొనుటకు పూర్వమే రెండు ఇనుప స్టాండ్లు కొనుడు. అవి సమతలమైన గట్టినేలపై నిలిచి, వెనుకచక్రములకు అడ్డుకట్టెలు పడి, చేతితో బండిని ఊపిచూచిన పిమ్మట గాని క్రిందికి తల దూర్పకుడు.