తాగిండంట... ఎవరు చూసిన్రు?

2022 డిసెంబర్ 30, తెల్లారగట్ల. క్రికెటర్ రిషభ్ పంత్ కారు రూర్కీ దగ్గర డివైడర్‌ను గుద్ది, పల్టీ కొట్టి, కాలిపోయింది. ఎదురుంగ ఇంకో బండి లేదు, కార్ల ఇంకో మనిషి లేడు. అటుపోతున్న హర్యానా బస్సు డ్రైవరు, కండక్టరు ఉరికొచ్చి సాయం జేసిన్రు. వాళ్లు తప్పెవరిదని అడగలే. అడిగింది మనం, ఫోన్లు పట్టుకొని. పొద్దెక్కకముందే తీర్పు గూడ ఇచ్చినం: మందు, పార్టీ, స్పీడు.

ఒంటి బండి యాక్సిడెంట్ల గిదే కథ. తిట్టెతందుకు రెండో డ్రైవర్ ఉండడు గద, తప్పంత ఒక్కని నెత్తిన పడ్తది. అదిగూడ రోడ్డును జూసి గాదు, వాని ఈడు, వాని పైసలు జూసి.

మరి బయటికొచ్చింది ఏంది? కునుకు పట్టిందని పంత్ జెప్పినట్టు ముందుగాల పోలీసులన్నరు. గుంత తప్పించవోయి గుద్దిండని తర్వాత ముఖ్యమంత్రి ధామి అన్నడు. ఆడ గుంతలే లేవని హైవేస్ అథారిటీ అన్నది. తన రోడ్డుకు తనే సర్టిఫికెట్! దారిల స్పీడ్ కెమెరాలు జూస్తే అతివేగం కనవడలేదని పోలీసులు జెప్పిన్రు. తాగి ఉంటే ఢిల్లీ నుంచి 200 కిలోమీటర్లు ఎట్లొస్తడని గూడ అన్నరు. నిజం జెప్పాలంటే ఇది సాక్ష్యం గాదు. తాగి ఇల్లు జేరేటోళ్లు మన ఊర్లల్ల ఎంతమంది లేరు? సాక్ష్యమంటే రక్తపరీక్ష. 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితేనే చట్టం ప్రకారం నేరం.

నిద్రకు గసొంటి మీటర్ లేదు. నా లెక్కల, కునుకు పట్టిందే నిజమైతే పంత్‌ది బాధ్యతనే. కండ్లు మూతవడ్డ సెకను గాదు తప్పు, రాత్రిపూట ఒక్కడే స్టీరింగ్ పట్టుడు తప్పు. గుంత నిజమైతే మాత్రం బాధ్యత పంచుకునేటోళ్లు ఇంకొకరు ఉన్నట్టే. 2019ల మోటారు వాహన చట్టానికి 198ఎ చేర్చిన్రు. రోడ్డు నాసిరకంగ ఉండి మనిషి సచ్చినా, అవిటోడైనా, కాంట్రాక్టర్‌కు, ఆఫీసుకు లక్ష దాక జుర్మానా పడొచ్చు. గీ సెక్షన్ పేరు ఎన్నడన్న విన్నరా?

పంత్ కోలుకున్నడు, 2024ల వరల్డ్ కప్ గూడ గెలిచిండు. మన ఊరి పోరడు రాత్రి మోరీ కాడ బైకు మీదికెల్లి పడి సచ్చిపోతే సంగతి వేరే. ఎదుటి బండి లేదు గనక, ఇంకొకరి ఇన్సూరెన్స్ నుంచి అడిగే తావు లేదు. ఆ ఇంటికి మిగిలేది వాని పాలసీల ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమానే, 15 లక్షలు. బండి వాని పేరు మీదుండాలె, లైసెన్స్ ఉండాలె. మత్తుల ఉన్నడని తేలితే పైస రాదు.

గందుకే శవం లేవకముందే మనం అనే "తాగిండంట" ఉత్త మాట గాదు. అదే పంచనామాల కెక్కితే, ఆ తల్లి ఆఫీసుల సుట్టు తిరగాల్సొస్తది. గుంపుల నిలవడి ముచ్చట వెట్టే బదులు ఒక్కరన్న పోలీసాయనను రక్తం పరీక్షకు పంపమని అడగున్రి. మోరీకి గోడ లేకుంటే, బోర్డు లేకుంటే, అది గూడ పంచనామాల రాయమనున్రి. ఫొటో ఆ రాత్రే తియ్యాలె. తెల్లారినంక ఎవరో ఒకరొచ్చి గుంతల ట్రాక్టర్ మొరం పోసిపోతరు.