చెమటలో పోయేది నీళ్లొక్కటే కాదు



ఈ నెల గోడపత్రికలో సైన్సు పేజీ మా తొమ్మిదో తరగతికి వచ్చింది. ఆటల పోటీలు దగ్గరికొస్తున్నయి. పొద్దున ఐదున్నరకు గ్రౌండులో పరుగు, సాయంత్రం కబడ్డీ, ఖోఖో. ఈసారి మన హాస్టల్ నుంచి నలుగురు సైకిల్ పందానికి కూడా పేర్లు ఇచ్చిండ్రు. అందుకే మన దగ్గర ఒక కొత్త మాట నడుస్తున్నది. "పౌడర్ తాగితే దమ్ము వస్తదంట, బిళ్ళ వేసుకుంటే పిక్కలు పట్టవంట" అని. ఇద్దరు ముగ్గురు ఇంటికి ఫోన్ చేసి పైసలు కూడా అడిగిండ్రు. అవి మన అమ్మానాయినలు ఎండలో కూలి చేసి తెచ్చే పైసలు. ఆ పౌడర్‌లో ఏమున్నదో, అది మనకు అవసరమో కాదో తెలుసుకున్నంక అడగాలె. కావున ఈ వ్యాసం రాస్తున్నాను.

సైకిల్ వాళ్ల సీసాలో ఏముంటది?

మాది నల్లమలలో అమ్రాబాద్ దిక్కు ఒక చెంచు పెంట. మన పాత పాలమూరు జిల్లానే, 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లా అయింది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మా మన్ననూరు మీదుగా పోతది. అక్కడ ఫారెస్టు చెక్‌పోస్టు ఉన్నది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆ రోడ్డు మీద హెల్మెట్లు పెట్టుకున్న సైకిల్ వాళ్లను చూసిన. ఘాటు ఎక్కి వచ్చి ఆగిండ్రు. ఒకాయన నీళ్ల సీసాలో బిళ్ళ వేస్తే సోడా లెక్క బుసబుస పొంగింది. "ఇది మందా అన్నా?" అని అడిగిన. "మందు కాదమ్మా, ఉప్పే" అని నవ్విండు.

వీళ్లు దూరం తొక్కేవాళ్లు. ఈ సవారీలను బ్రెవే అంటరు, అది ఫ్రెంచి మాట. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే 20 గంటల్లో, 400 అయితే 27 గంటల్లో, 600 అయితే 40 గంటల్లో ముగించాలె. అన్నిటికన్నా పేరున్నది ఫ్రాన్సులో పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి మళ్లీ పారిస్ వచ్చే సవారీ. అది 1891లో మొదలైంది. ఇప్పుడు సుమారు 1200 కిలోమీటర్లు, ఎక్కువలో ఎక్కువ 90 గంటలు. అంతసేపు తొక్కేటోళ్లకు ఒంట్లోంచి ఏం పోతున్నదో, ఏం తిరిగి పొయ్యాలెనో లెక్క తెలిసి ఉండాలె. ఆ లెక్క మనకు కూడా పనికొస్తది.

చెమట అనగానేమి?

పని చేస్తే ఒళ్లు కాగుతది. ఆ వేడిని తీసేటందుకు చర్మం మీదికి నీళ్లు వస్తయి. అవి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతది. మట్టి కుండలో నీళ్లు చల్లగ అయ్యేది కూడా ఇట్లనే. కష్టమైన ఆటలో, ఎండలో, గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల వరకు చెమట పోవచ్చు. మనిషికి మనిషికి తేడా ఉంటది.

చెమట నాలుకకు తగిలితే ఉప్పగ ఉంటది కదా. లీటరు చెమటలో సుమారు అర గ్రాము నుంచి దాదాపు రెండు గ్రాముల దాకా సోడియం ఉంటది. పొటాషియం అంతకన్నా చాలా తక్కువ. నల్ల గుడ్డ మీద చెమట ఆరినంక తెల్లటి చారలు పడుతయి, చూడండి. అది ఉప్పే. మట్టి పని చేసి వచ్చిన మా మామ అంగీ వీపు మీద ఎప్పుడూ ఈ చారలు ఉంటయి.

నీళ్లల్లో కరిగి కరెంటును పోనిచ్చే ఇటువంటి లవణాలను ఎలక్ట్రోలైట్లు అంటారు. మన నరాలు కండరాలకు కబురు పంపేది, గుండె కొట్టుకునేది సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం వీటి వల్లనే.

ఉత్త నీళ్లే తాగితే ఏమైతది?

గంట లోపల ఆటకు ఉత్త నీళ్లు చాలు. దీనికి ఏ పౌడరూ అవసరం లేదు. కాని గంటల తరబడి చెమట పోతుంటే, దప్పిక లేకున్నా బిందెల కొద్ది ఉత్త నీళ్లే తాగితే రక్తంలో సోడియం పలచబడుతది. అప్పుడు తలనొప్పి, వాంతి, తికమక వస్తయి. ఎక్కువైతే మెదడు ఉబ్బి ప్రాణం మీదికి వస్తది. అమెరికాలో 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన 488 మంది రక్తం పరీక్ష చేస్తే 100కు 13 మందికి సోడియం తక్కువ అయి ఉన్నది. నీళ్లు తాగక వచ్చిన కష్టం కాదు అది. పరుగు మొదట్లో కన్నా చివర బరువు పెరిగేటంతగా తాగిన వాళ్లకే అది ఎక్కువగ వచ్చింది. కావున నీళ్లు తక్కువైనా తప్పే, మితిమీరినా తప్పే. దప్పికను బట్టి కొంచెం కొంచెం తాగాలె.

ఉప్పుకు చక్కెర తోడు ఎందుకు?

ఇది నాకు చాలా నచ్చిన సంగతి. మన చిన్నపేగు గోడలో చిన్న చిన్న ద్వారాలు ఉంటయి. సోడియం, గ్లూకోజు జతగ వస్తేనే ఆ ద్వారం తెరుచుకుంటది. మెస్సు గేటు దగ్గర ఇద్దరిద్దరు చెయ్యి పట్టుకుంటేనే లోపలికి పంపినట్టు. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెనక నీళ్లు పోతయి. ఈ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పిండు.

దీని గొప్పతనం 1971లో బయటపడ్డది. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగాంవ్ దగ్గర శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. ఎక్కించడానికి సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పోయించి తాగిపిచ్చిండు. చావులు 100కు 30 దగ్గర ఉన్నవి, 4 కన్నా తక్కువకు దిగినయి. ఆయన 2022లో చనిపోయిండు. 2023లో పద్మవిభూషణ్ ఇచ్చిండ్రు.

ఆటగాళ్ల పానీయం కూడా దీనికి చుట్టమే. 1965లో అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీ డాక్టర్ రాబర్ట్ కేడ్ బృందం ఫుట్‌బాల్ ఆడే పిల్లల కోసం మొదటిసారి చేసినప్పుడు అందులో కలిపినవి నీళ్లు, ఉప్పులు, చక్కెర, నిమ్మరసం. అదే ఇప్పుడు రంగు రంగుల సీసాల్లో అమ్ముతున్నరు.

పాకెట్ మీద పేరు చూసి తీసుకోవద్దు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్‌లో లీటరు నీళ్లకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటయి. మొత్తం 20.5 గ్రాములు. ఈ లెక్క పాకెట్ వెనక చదువుకోవచ్చు. దుకాణాల్లో ఓఆర్ఎస్ అనే పేరు పెట్టుకొని దీనికన్నా ఎన్నో రెట్ల చక్కెర ఉన్న డబ్బాలు అమ్మేవారు. విరేచనాలు అయ్యే పిల్లకు అంత చక్కెర తాగిపిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువ అయితయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీని మీద ఎనిమిది ఏండ్లు కొట్లాడింది. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ అటువంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట ఉండొద్దని ఆదేశం ఇచ్చింది. ఒక్క ఆమె పట్టుబడితే దేశమంతా మారింది. మనం చదువుకుంటున్నం, కనీసం పాకెట్ వెనక్కి తిప్పి చదవాలె.

ఇక బిళ్ళల సంగతి. మెగ్నీషియం బిళ్ళ వేసుకుంటే ఆటలో పిక్కలు పట్టవు అనేదానికి గట్టి రుజువు లేదు. పిక్కలు పట్టేది ఎక్కువగ కండరం అలసిపోయినందుకే. ఆగి, కాలు చాపి, పాదాన్ని మోకాలు దిక్కు మెల్లగ వంచితే విడుస్తది. కండ పెంచే పౌడర్లు మన వయసు పిల్లలకు అవసరం లేదు.

మన ఇండ్లల్లో ఉన్నవి ఏం తక్కువ?

మజ్జిగలో ఉప్పు వేస్తే నీళ్లు, సోడియం, పొటాషియం, కొంచెం చక్కెర అన్నీ వచ్చినయి. గంజిలో ఉప్పు వేసినా మంచిదే, అందులో పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా మారుతది. జొన్న అంబలి, తరవాణి తాగి మన పాలమూరు కూలీలు దేశమంతా కాలువలు తవ్విండ్రు.

మా చెంచులు చింతపండులో బూడిద కలుపుకొని తింటరు. ఇది చెప్తే కొందరు నవ్వుతరు. కట్టె బూడిదలో పొటాషియం లవణం ఉంటది. అది పులుపును కూడా విరుస్తది. ఇంగ్లీషులో కుండలో కాచిన బూడిదను పొటాష్ అంటరు. పొటాషియం అనే పేరే దాని నుంచి వచ్చింది. మా అవ్వకు ఆ మాట తెలవదు, కాని బూడిద సంగతి తెలుసు. నవ్వేటోళ్లు ఈ ముక్క ఇంకోసారి చదువుకోవాలె.

తేనె నూరు గ్రాములల్లో సుమారు 80 గ్రాములు చక్కెరలే. దూరం తొక్కేవాళ్లు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకుంటరు. ఎందుకంటే తిన్న అన్నం, రొట్టె కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాగి ఉంటది, గట్టిగ తొక్కితే అది రెండు గంటల లోపలనే అడుగంటుతది. ఒక అరటిపండులో 25 గ్రాముల దాక ఉంటది. పల్లి పట్టీ, బెల్లం కూడా పనికొస్తయి.

అసలు దమ్ము ఇచ్చే బిళ్ళ

అక్కలారా, చెల్లెండ్లారా, ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. కండరానికి ఆక్సిజన్ మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. దానికి ఇనుము కావాలె. మన వయసు ఆడపిల్లలకు హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లల్లో సగం మందికి పైగా ఇది ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువ ఉన్న పిల్ల ఎంత ఖరీదు పౌడర్ తాగినా రెండో చుట్టుకే ఆయాసపడుతది.

వారానికి ఒకసారి మనకు ఇచ్చే నీలం బిళ్ళ ఇనుము బిళ్ళనే. పైసలు లేకుండ వస్తది. కొందరు నోట్లో పెట్టుకొని పోయి చెట్ల కింద ఊస్తున్నరు. కడుపులో తిప్పుతదనో, దొడ్డికి నల్లగ వస్తదనో భయం. నల్లగ రావడం మామూలే, ఏం కాదు. అన్నం తిన్నంక వేసుకుంటే తిప్పడం తగ్గుతది. చాయ్‌తో వేసుకోవద్దు, చాయ్ ఇనుమును పట్టనియ్యదు. నిమ్మకాయ, ఉసిరికాయ తింటే బాగ పడుతది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల బిళ్ళ కూడా చప్పరించి మింగాలె, పురుగులు ఉంటే మన రక్తం వాటికి పోతది. బిళ్ళ చెట్ల కింద పారేసి, పౌడర్ కోసం నాయిన దగ్గర పైసలు అడిగితే న్యాయమేనా?

ఆట అయిపోయినంక ఏం చెయ్యాలె?

ఆట ముందు, తర్వాత తూకం చూస్తే కిలో తగ్గితే లీటరు నీళ్లు పోయినట్టు. తర్వాత కొన్ని గంటల్లో లీటరుంబావు నుంచి లీటరున్నర వరకు మెల్లగ తాగాలె. అన్నం, పప్పు తినాలె. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటయి, అలసిన కండరాలు బాగయ్యేది వాటితోనే. కావున గుడ్డు పక్కకు పెట్టొద్దు. రాత్రి 8 గంటలన్నా నిద్ర పోవాలె. మూత్రం లేత పసుపు ఉంటే నీళ్లు సరిపోయినట్టు, ముదురు రంగు ఉంటే తక్కువైనట్టు.

వడదెబ్బను తేలికగ తీసుకోవద్దు. 2015 మే నెల ఎండలకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయిండ్రు. అందులో కూలీలు, ముసలోళ్లు ఎక్కువ. ఎవరైనా మాట తడబడి పడిపోతే నీడకు తీసుకుపోయి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలె. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యొద్దు.

చేసుకునే పద్ధతి

ఒక లీటరు మంచి నీళ్లు. తలం కొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర. తలం కొట్టిన అర చిన్న చెంచా ఉప్పు. రుచికి నిమ్మరసం. ఉప్పు ఎక్కువ వెయ్యొద్దు, కన్నీళ్ల కన్నా ఉప్పగ ఉండొద్దు. ఆ రోజుదే తాగాలె, మిగిలింది పారబొయ్యాలె. విరేచనాలకు మాత్రం ఏఎన్ఎం అక్క ఇచ్చే పాకెట్ మేలు, పాకెట్ మీద రాసినన్ని నీళ్లే పొయ్యాలె. కాచిన నీళ్లు వాడితే క్రిములు చస్తయి. కాని మర్రిగూడ దిక్కు వచ్చిన అక్కలకు తెలుసు, ఫ్లోరైడు కాచితే పోదు. కాబట్టి పాత బోరు నీళ్లు వద్దు, ఫిల్టర్ నీళ్లు వాడాలె.

వార్డెన్ మేడం గారికి ఒక విన్నపం. 20 లీటర్ల క్యాన్‌కు అర కిలో చక్కెర, 10 చిన్న చెంచాల ఉప్పు పడుతయి. ముప్పై రూపాయలు దాటదు. పోటీలు అయ్యే వరకు గంటకు మించి ప్రాక్టీసు ఉన్న రోజుల్లో ఈ క్యాన్ గ్రౌండు దగ్గర పెట్టిస్తే ఎవ్వరమూ ఇంటికి పైసల కోసం ఫోన్ చెయ్యము. కలిపే పని, క్యాన్ కడిగే పని మా తొమ్మిదో తరగతి చూసుకుంటది. నీలం బిళ్ళ రోజున లైన్లో నిలబడి అందరి ముందు మింగే పని కూడా మేమే మొదలుపెడుతం.

ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని