స్వభావము, లోకభీతి: రాజమహేంద్రవరపు పరిశీలనము

రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు 11వ శతాబ్దమున తెనిగించిన భారతభాగములో, అరణ్యపర్వమందు, ఋష్యశృంగోపాఖ్యానము గలదు. తండ్రియైన విభాండకుని దప్ప వేరొక మనుష్యుని ఎరుగక అడవిలో పెరిగిన మునికుమారుడు, అనావృష్టిచే తపించుచున్న అంగరాజ్యమునకు తన్ను కొనిపోవచ్చిన వారాంగనను చూచి, ఆమెయు తనవంటి తాపసియే యనుకొని, ఆమె రూపమును, ఆటపాటలను, ఆమె యిచ్చిన భక్ష్యముల రుచిని పరమసంతోషముతో తండ్రికి వర్ణించును. అట్టివారు రాక్షసులు, వారి చెంత చేరరాదని తండ్రి బెదరించును. ఆ బెదరింపు నిలువలేదు. కుమారుడు వెడలిపోయెను, అంగదేశమున వాన కురిసెను. ఎరుగనితనమును ఇంద్రియనిగ్రహమని భ్రమించిన తండ్రి ఓడినాడే కాని కొడుకు పతితుడు కాలేదు. ఇంతటి సాహసమైన ఆలోచన తెలుగు కవిత్వపు తొలినాళ్లలోనే గోదావరి యొడ్డున పలికినదని తలచినప్పుడెల్ల నా మనస్సు పొంగును.

మనుష్యస్వభావమునకును లోకభీతికిని గల ఈ పెనుగులాట ఆ పురమునందే ఎనిమిది శతాబ్దముల పిమ్మట మరల తల యెత్తినది. ఈమారు అది కథలో గాక వీథులలో నడిచినది. పసితనముననే పెండ్లియై, భర్త ముఖమైన సరిగా ఎరుగకమున్నే వైధవ్యము పొంది, వంటయింటి మూల బ్రతుకీడ్చుచున్న బాలికలు నాడెందరో యుండిరి. వారి హృదయములను శాస్త్రము పేర అణచివేయుటయే ధర్మమని పెద్దలు నమ్మియుండగా, 1848లో ఇచ్చట జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1879లో వితంతూద్వాహమును సమర్థించుచు ఉపన్యసించి, పండితులతో శాస్త్రవాదము సాగించి, కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయముతో, కళాశాలా విద్యార్థుల అండతో, 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి తమ యింట గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మకును వివాహము జరిపించిరి.

ఆ పెండ్లికి ముందు వెనుకల జరిగినదానిలోనే మనుష్యుని గూర్చి మనము నేర్చుకొనదగినది హెచ్చుగా గలదు. ఇంటిలో కూర్చుండి ఔనన్నవారు వీథిలోనికి వచ్చునప్పటికి వెనుదీసిరి. పీఠాధిపతి బహిష్కార శ్రీముఖము పంపగనే, వచ్చినవారిలోను పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని కులములో కలిసిరి. వీరినందరను పిరికివారని త్రోసివేయుట సులభము. కాని బిడ్డకు సంబంధము రాదేమో, తండ్రి తద్దినమునకు భోక్తలు దొరకరేమో, చచ్చినపుడు మోయుటకు నలుగురు రారేమో యని వణికిన గృహస్థుని భయము దుర్మార్గముకంటె భిన్నమైనది. మంచి యని తెలిసియు మంచిని చేయనీయనిది అదియే. తెలుగున ఆత్మకథాప్రక్రియకు దారి తీసిన స్వీయచరిత్రములో పంతులుగారు తమ పోరాటములను దాపరికము లేక వ్రాసిరి. ఆయనకు ప్రతిపక్షులయెడ క్షమ తక్కువ యని నాకు తోచును. అయినను అంత ఒంటరిగా నిలిచినవానినుండి అంతకంటె మెత్తదనమును కోరుట న్యాయము కాదేమో.

ఆ యొంటరితనమున ఆయనకు తోడు నిలిచినది భార్య రాజ్యలక్ష్మమ్మగారు. వంటవారును నీళ్లవారును ఆ గడప త్రొక్కుట మానివేయగా, ఆమె తానే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వండి, వచ్చినవారికి వడ్డించెను. సత్యనిష్ఠ యను మాట వినబడినప్పుడు నా కన్నులకు కట్టునది ఉపన్యాసవేదిక కాదు, నీటి బరువుతో గట్టెక్కి వచ్చుచున్న ఆ యిల్లాలు.

పంతులుగారు కోపించిన లోకమునే రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నవ్వుచు చూచిరి. కంటిచూపు క్రమముగా క్షీణించుచుండగా ఇతరులచేత వ్రాయించుచు ఆయన సృష్టించిన గణపతి, చదువబ్బని తిండిపోతు బ్రాహ్మణపిల్లవాడు. వానిని చూచి పాఠకుడు కడుపుబ్బ నవ్వును. నవ్వు ముగియకమున్నే వాని యింటి దారిద్ర్యము తెలియవచ్చి గొంతు పట్టుకొనును. దయ లేనివాడు అట్లు నవ్వింపలేడు.

మరల ఋష్యశృంగుని చెంతకు వత్తము. పంతులుగారు తెలుగు బోధించిన కళాశాలకే తరువాత అధ్యక్షుడై వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, స్వయముగా చిత్రకారుడు, 1897లో జన్మించిన దామెర్ల రామారావను బాలుని ప్రతిభను కనిపెట్టి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు చేరుటకు తోడ్పడెను. చదువు ముగించి వచ్చిన రామారావు 1923లో ఇచ్చటనే చిత్రకళాశాల నెలకొల్పెను. ఆయన ప్రసిద్ధచిత్రములలో ఒకటి ఋష్యశృంగబంధనము, మరియొకటి సిద్ధార్థరాగోదయము. వస్తువుల ఎంపికయే ఆలోచింపదగినది: ఒకడు స్త్రీని ఎరుగని తాపసి, మరియొకడు సర్వమును విడువనున్న రాజకుమారుడు; ఇరువురి యందును అనురాగము మొలకెత్తిన క్షణమునే చిత్రకారుడు పట్టుకొనెను. విరాగులుగా లోకము కొలుచువారిని అనురాగులుగా చూపుటయందు ఆయనకు సంకోచము లేదు, నింద లేదు. వితంతుబాలికకును హృదయమున్నదని పంతులుగారు వాదించి చెప్పవలసివచ్చిన సత్యమును, ఆ పురపు యువకుడొకడు నలువది సంవత్సరములకే రంగులలో, వాదముతో పనిలేకయే, నిలుపగలిగెను.

ఇరువదియెనిమిదేండ్లు నిండకమున్నే, 1925 ఫిబ్రవరి 6వ తేదీన, మశూచి ఆయనను పొట్టన పెట్టుకొన్నది. మిత్రుడు వరదా వెంకటరత్నముగారు ఆ కళాసంప్రదాయమును నిలుపుటకు పాటుపడిరి. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. గోదావరి గట్టున ఆయన పేర వెలసిన చిత్రశాలకు పోవువారు, ముందుగా నన్నయ ఉపాఖ్యానమును ఒకమారు చదివికొని పోయిన, ఆ రేఖలు ఇంకను ఎక్కువ మాటలాడును.