కంచం ముందు కుటుంబం

ఆడపిల్ల అన్నం మానేసి చిక్కిపోతుంటే, ఇంట్లో ఏదో జరిగే ఉంటుందని ఇరుగుపొరుగు అనుకుంటారు. వైద్యులూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1870లలో ఈ జబ్బుకు 'అనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టిన లండన్ వైద్యుడు విలియం గల్, ఇలాంటి రోగుల సేవకు సొంతవాళ్లు బొత్తిగా పనికిరారని తేల్చేశాడు. వందేళ్ల తర్వాత ఫిలడెల్ఫియాలో సాల్వడార్ మినూచిన్ అనే మనోవైద్యుడు ఆ కుటుంబాల స్వభావాన్నే వర్ణించాడు: ఒకరి సంగతుల్లో మరొకరు తలదూర్చడం, అతి జాగ్రత్త, పట్టువిడుపుల్లేని పద్ధతులు, గొడవలు బయటపడకుండా కప్పెట్టుకోవడం. 1978లో వచ్చిన ఆయన పుస్తకం ఎందరో తల్లిదండ్రులను బోనులో నిలబెట్టింది.

ఆ వర్ణన వింటే మనకు తెలిసిన ఇళ్లు సగం గుర్తొస్తాయి. చిక్కంతా అక్కడే. అలాంటి ఇళ్లలో చాలామంది పిల్లలు శుభ్రంగా తింటారు. అసలు బిడ్డ ఎముకల గూడైపోతుంటే ప్రతి ముద్దా లెక్కపెట్టని తల్లి ఎవరు? డాక్టరు చూసిన ఆ అతి జాగ్రత్త జబ్బుకు ముందు నుంచీ ఉన్నదో, జబ్బు తెచ్చిపెట్టిందో ఆ వర్ణన చెప్పలేదు. కవలల మీద జరిగిన పరిశోధనల్లో వంశపారంపర్యం పాత్ర పెద్దదేనని తేలింది. 2019లో దాదాపు 17,000 మంది రోగుల జన్యువులను పరిశీలిస్తే, మనసుతో పాటు శరీర జీవక్రియకు సంబంధించిన లంకెలూ కనిపించాయి.

అలాగని ఇంటి వాతావరణానికి ప్రభావమే లేదని కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన ఒక అధ్యయనంలో, అమ్మానాన్నలు బరువు గురించి మాట్లాడే ఇళ్లలో టీనేజీ పిల్లలు డైటింగుకూ, భోజనం ఎగ్గొట్టడానికీ ఎక్కువగా దిగుతున్నారని 2013లో తేలింది. ఏది తింటే మంచిదో మాత్రమే మాట్లాడుకునే ఇళ్లలో ఆ బెడద తక్కువ. పెళ్లిలో కనపడగానే "ఏంటే, ఇంత ఒళ్లు చేశావు?" అని పలకరించే పెద్దమ్మలకు ఈ సంగతి ఎవరు చెబుతారో!

లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు మాత్రం కథను తిరగేశారు. తప్పెవరిదన్న విచారణ పక్కనపెట్టి, తినిపించే బాధ్యత తల్లిదండ్రులకే అప్పగించారు. ఈ చికిత్స మొదట్లోనే ఒకరోజు కుటుంబమంతా క్యారేజీతో క్లినిక్‌కి వస్తుంది. పిల్ల "ఇక చాలు" అన్నాక ఇంకొక్క ముద్ద తినిపించాలి. నాన్న గద్దిస్తాడు, అమ్మ "పోనీలెండి" అంటుంది. ఆ సందులోంచే జబ్బు తప్పించుకుంటుంది. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడేలా పక్కనున్న డాక్టరు సాయం చేస్తాడు. బరువు కుదుటపడ్డాక తిండి పెత్తనం మెల్లగా మళ్లీ పిల్లకే వెళ్తుంది.

2010లో అమెరికాలో 121 మంది పిల్లలపై జరిగిన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాదికి ఇలా కుటుంబంతో కలిసి వైద్యం పొందినవారిలో 49 శాతం పూర్తిగా కోలుకున్నారు. విడిగా కౌన్సెలింగ్ తీసుకున్నవారిలో 23 శాతమే. అయితే, మాడ్స్‌లీ బృందం 1987లోనే గమనించినట్టు, ఈ పద్ధతి బాగా పనిచేసేది చిన్న వయసులో మొదలై, మూడేళ్లు దాటని జబ్బు మీదే.