అడ్డతీగల సందర్శనం

అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడొసగిన పాదలేపం మహిమచేత క్షణకాలంలో హిమవత్పర్వతాన్ని చేరుకొన్నాడు. ఆ శోభను కన్నులారా చూచాడు. కాని మంచుకు పసరు కరిగిపోగా తిరిగివచ్చే దారి తెలియక చిక్కుకొన్నాడు. నడవకుండా చేరిన చోటు అతనికి దృశ్యమైందే కాని పరిచితం కాలేదు. నేటి యాత్రికులలో పలువురి స్థితి ఇదే. వాహనంలో కొండలకు వెళ్ళి, జలపాతాన్ని చూచి, సాయంత్రానికి తిరిగివచ్చేవారికి ఆ కొండలలో నివసించే మానవులు కానరారు. ఒక ఊరిని సందర్శించడమంటే ఏమిటో తెలుసుకొనడానికి అడ్డతీగల చక్కని ఉదాహరణం.

అడ్డతీగల తూర్పు కనుమల మన్యంలోని చిన్న ఊరు. పూర్వం తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. మైదానం నుండి వచ్చేవారు ఏలేశ్వరం దాటగానే దారికి ఇరువైపులా అడవి ఎదురవుతుంది. కొండరెడ్లు మొదలైన గిరిజనులకు ఈ సీమ అనాదిగా నివాసస్థానం.

ఊరి పేరులోనే అడవి ఉన్నది. అడ్డతీగ మహావృక్షాలను అల్లుకొని పైకి ప్రాకే బలమైన లత. దాని ఆకు నడుమ చీలి, రెండు ఆకులు కలిసినట్లు వెడల్పుగా ఉంటుంది. గిరిజన స్త్రీలు ఆ ఆకులను కోసి, ఎండబెట్టి, సన్నని పుల్లలతో విస్తళ్ళుగా కుడతారు. చింతపండు, కొండచీపుళ్ళు, తేనె, అడ్డాకు వంటివి ఈ కొండలవారికి జీవనాధారాలు. దళారుల దోపిడినుండి వారిని కాపాడే ఉద్దేశంతో 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ప్లాస్టిక్ పళ్ళేలు వచ్చిన తరువాత విస్తరాకుకు గిరాకీ తగ్గింది. 2022 జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలను దేశమంతటా నిషేధించారు. ఆ నిషేధం అక్షరాలా అమలైతే విస్తరాకు విలువ మళ్ళీ పెరుగుతుంది.

ఈ ప్రాంతంలో వాగును గెడ్డ అంటారు. అడ్డతీగల వద్ద మద్దిగెడ్డపై జలాశయం ఉన్నది. ఈ కొండల నీరు ఏలేరులో కలిసి, ఏలేశ్వరం వద్ద జలాశయంలో నిలుస్తుంది. పిఠాపురం ప్రాంతపు పొలాలను తడుపుతుంది. కాలువద్వారా విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికీ చేరుతుంది. అయితే ఆ నీటిని పంపే కొండలలో, వర్షకాలాన గెడ్డ పొంగితే అవతలి పల్లె రోగి ఆసుపత్రికి చేరడం కష్టం. పల్లమెరిగిన నీరు తన దారి తాను చూచుకొంటుంది. మనిషికి మాత్రం వంతెన కావాలి.

అడ్డతీగలకు వచ్చిన సందర్శకులలో ప్రసిద్ధుడు అల్లూరి సీతారామరాజు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు వ్యవసాయానికి అడ్డు తగిలింది. అధికారులు కూలి సక్రమంగా ఇవ్వక రోడ్డు పనులు చేయించారు. ఫలితంగా 1922 ఆగస్టులో తిరుగుబాటు చెలరేగింది. అక్టోబరు 15న రాజు ముందుగానే వర్తమానం పంపి మరీ అడ్డతీగల పోలీసు ఠాణాపైకి వచ్చాడు. పోలీసులు ఎదిరించలేదు. అనంతరం ఆయన ఊరిలోని ఆసుపత్రిని దర్శించి, అక్కడి వైద్యుని కోరికపై సందర్శకుల పుస్తకంలో సంతకం చేశాడు. ఠాణాను శత్రుస్థానంగా భావించినవాడు ఆసుపత్రిని గౌరవించాడు. ప్రజలను పీడించేదేదో, వారికి మేలు చేసేదేదో ఆయనకు స్పష్టంగా తెలుసు. 1924 మే 7న ఆయన వీరమరణం పొందాడు.

ఆనాటి పోరాటానికి మూలమైన భూమి, అడవి నేటికీ ముఖ్యవిషయాలే. 1970 నాటి 1వ నంబరు నిబంధన షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై గిరిజనులకు హక్కు కల్పించింది. చట్టాలు గ్రంథాలలో ఉంటే చాలదు. వాటిని చదివి, అడిగి సాధించుకొనే విద్య పల్లెపల్లెకూ చేరాలి.

కావున అడ్డతీగల చూడబోయేవారు అడవి అందాన్ని చూచి ఆనందించవచ్చును. దానితోపాటు అడ్డాకు విస్తరిలో భోజనం చేసేటప్పుడు దాన్ని కుట్టిన చేతులను, గెడ్డ దాటేటప్పుడు అవతలి పల్లెను తలచుకోవాలి. బేరమాడక న్యాయమైన ధర ఇవ్వాలి. ప్లాస్టిక్ చెత్తను అడవిలో విడువరాదు. పాదలేపం దారి చూపదు, పరిచయమే చూపుతుంది.