డ్రమ్ కోర్ అభిమానుల పరిభాష, హాస్యం

డ్రమ్ అండ్ బ్యూగుల్ కోర్ (క్లుప్తంగా డ్రమ్ కోర్) అనేది ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, పతాక విన్యాసకులతో కూడిన కవాతు సంగీత దళం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ దళాల మధ్య వేసవిలో జరిగే పోటీలకు ఎంతో పట్టుదల గల అభిమాన వర్గం ఉన్నది. ఆ అభిమానుల మధ్య వాడుకలో ఉన్న పదాలు, కేకలు, చమత్కారాలు, కథలు ఈ వ్యాస విషయం. బయటివారికి ఇవి అర్థం లేని మాటలుగా తోస్తాయి. కాని చాలావాటి వెనుక ఒక రద్దయిన నియమమో, ఒక ఓటమో, కనుమరుగైన ఒక దళమో ఉంటుంది.

పేరు

హాస్యం పేరుతోనే మొదలవుతుంది. దళం అనే అర్థం గల ఈ ఫ్రెంచి మాటను "కోర్" అని పలకాలి. కొత్తవారు ఆంగ్ల అక్షరాలను చూసి "కార్ప్స్" అంటారు. అది శవం అనే అర్థమిచ్చే ఆంగ్ల పదానికి దగ్గరగా వినిపిస్తుంది. "డోలు శవం" చూడడానికి వచ్చారా అని పాతవారు వారిని ఆటపట్టిస్తారు.

టిక్కుల కాలం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాలు, సైన్యం వద్ద మిగిలిన బ్యూగుళ్ళు, డ్రమ్ములతో ఈ దళాలను పెంచి పోషించాయి. పోటీ నియమాలు కూడా ఆ సంఘాలవే. వాటి పెత్తనంతో విసిగిన కొన్ని దళాలు కలసి 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డి.సి.ఐ.) సంస్థను ఏర్పరచుకున్నాయి. కావలీర్స్ దళానికి చెందిన డాన్ వారెన్, ట్రూపర్స్ దళానికి చెందిన జిమ్ జోన్స్ ఇందులో ముఖ్యులు. తొలి ఛాంపియన్‌షిప్ 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో జరిగింది. అనహైమ్ కింగ్స్‌మెన్ విజేతగా నిలిచింది.

సైనిక తనిఖీ వాసన మాత్రం వెంటనే పోలేదు. అప్పటి మార్కుల పద్ధతిలో దళం పూర్తి మార్కులతో మొదలయ్యేది. న్యాయనిర్ణేత అట్ట చేతపట్టుకొని వరుసల మధ్య తిరుగుతూ, తప్పు కనిపించిన ప్రతిసారి ఒక గీత గీసేవాడు. ఆ గీతనే "టిక్" అంటారు. ఒక్కొక్క టిక్కుకు మార్కులో పదో వంతు పోయేది. మార్కులు సంపాదించడం అనే మాటే లేదు, ఉన్నవి పోకుండా కాపాడుకోవడమే! 1984లో డి.సి.ఐ. ఈ పద్ధతిని వదలివేసింది. అయినా పాత అభిమానులు ఎక్కడ పొరపాటు కనిపించినా నేటికీ "టిక్" అంటారు. ఇటువంటి వృద్ధ అభిమానులకు కుర్రకారు పెట్టిన పేరు "డైనోసార్". విశేషమేమంటే, వారిలో చాలామంది ఆ బిరుదును గర్వంగానే చెప్పుకుంటారు.

జి బ్యూగుల్, తరువాతి వివాదాలు

డైనోసార్ల ప్రధాన విలాపం జి బ్యూగుల్ గురించి. జి శ్రుతిలో ఉండి, గంట వంటి మూతి సూటిగా ప్రేక్షకుల వైపు చూసే ఈ వాద్యం డ్రమ్ కోర్‌కు గుర్తింపు చిహ్నంగా ఉండేది. నాదం కొంత కరకుగా ఉన్నా, దానిలోని జోరు మరి దేనికీ రాదని వీరి వాదన. మొదట మీటలే లేని ఈ వాద్యానికి దశలవారీగా మీటలు చేరాయి. 2000లో ఏ శ్రుతిలోని ఇత్తడి వాద్యాలనైనా అనుమతించారు. 2004లో మైకులు, 2009లో సింథసైజర్లు వచ్చాయి. 2014లో ట్రాంబోన్, ఫ్రెంచ్ హార్న్‌లకు కూడా తలుపులు తెరుచుకున్నాయి.

ప్రతి మార్పు సమయంలోనూ వినిపించే ఒక పాత హాస్యోక్తి ఉన్నది. "ఇంకేముంది, వచ్చే ఏడాది ఉడ్‌విండ్ వాద్యాలే!" అన్నది దాని సారాంశం. క్లారినెట్, ఫ్లూట్, సాక్సోఫోన్ ఈ తెగకు చెందినవి. (సాక్సోఫోన్ ఇత్తడితోనే చేసినా, రీడ్ ఉన్నందున ఈ తెగలోనే చేరుతుంది.) ఈ తెగకు ప్రవేశం లేకపోవడమే కళాశాల బ్యాండుకూ తమకూ మధ్య సరిహద్దు అని అభిమానుల భావన. కాబట్టి ఇది నవ్వుతూ చెప్పుకునే భయం. సింథసైజర్ నుండి వెలువడే దట్టమైన మంద్ర ధ్వనికి వారు పెట్టిన పేరు "గూ", అంటే జిగురు. అది ఇత్తడి వాద్యాల స్వచ్ఛమైన నాదానికి పూసిన జిగట అని వారి ఫిర్యాదు. ఈ ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు.

కేకలు

ఒక్కొక్క దళానికి ఒక్కొక్క కేక ఉంటుంది. షికాగో ప్రాంతపు కావలీర్స్ దళం వారిది "స్ప్లూయీ". దీనికి నిఘంటువులో అర్థం వెదకడం వృథా ప్రయాస. అన్నిటికంటె ప్రసిద్ధమైనది ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణానికి చెందిన బ్లూకోట్స్ దళం వారి కేక. 1972లో ఏర్పడిన ఈ దళానికి స్థానిక పోలీసుల నీలి దుస్తులను బట్టి ఆ పేరు వచ్చింది. దళం మైదానంలో అడుగుపెట్టగానే వేలమంది "బ్లూ..." అని దీర్ఘంగా అరుస్తారు. రాసేటప్పుడు ఆంగ్లంలో రంగు పేరులా కాక, చివర రెండు "ఓ" అక్షరాలతో రాస్తారు. అమెరికాలో నచ్చని ప్రదర్శనను "బూ" అని గేలి చేయడం అలవాటు. దూరం నుండి ఈ రెండు కేకలూ ఒకటిగానే వినిపిస్తాయి. మొదటిసారి వచ్చిన ప్రేక్షకుడు, ఈ పిల్లలేం తప్పు చేశారని ఇంతగా గేలి చేస్తున్నారు అని జాలిపడడం అభిమానులు మళ్ళీ మళ్ళీ చెప్పుకునే కథ. ఈ దళం 2016లో మొదటిసారి డి.సి.ఐ. విజేత అయినప్పుడు ఆ "బ్లూ" మామూలు కంటె చాలాసేపు సాగింది.

నవ్వించిన దళాలు

కొన్ని దళాలు నవ్వించడమే తమ పనిగా పెట్టుకున్నాయి. న్యూజెర్సీలోని బయోన్ పట్టణానికి చెందిన బ్రిడ్జ్‌మెన్ దళం 1970లలో సైనిక దుస్తులను వదలి, పొడవాటి పసుపు పచ్చని కోట్లు, వెడల్పాటి టోపీలు ధరించింది. సంగీతం పతాక స్థాయికి చేరగానే దళమంతా మూర్ఛపోయినట్లు నేలకూలడం వారి ప్రసిద్ధ చమత్కారం. నిటారుగా నిలబడడమే క్రమశిక్షణగా భావించిన టిక్కుల కాలంలో ఇది చిన్న సాహసం కాదు. కాలిఫోర్నియాలోని వెల్వెట్ నైట్స్ దళం 1980లలో ఇదే దారిలో నడిచింది. ఈ రెండు దళాలూ నేటి పోటీలలో లేవు.

పదోవంతు, అంతకంటె తక్కువ

అభిమానులు అంకెలను కంఠస్థం చేస్తారు. బ్లూ డెవిల్స్ దళం 2014లో సాధించిన 99.650 మార్కులు వారికి ఎక్కంలాగా నోటికి వస్తుంది. 2008లో రాక్‌ఫర్డ్ పట్టణానికి చెందిన ఫాంటమ్ రెజిమెంట్ దళం బానిసల తిరుగుబాటు నాయకుడు స్పార్టకస్ కథను ప్రదర్శించి, 98.125 మార్కులతో బ్లూ డెవిల్స్‌ను (98.100) ఓడించింది. తేడా 0.025 మాత్రమే. ప్రదర్శనలో సభ్యులు తామే స్పార్టకస్‌నని చేసే ప్రకటన ఆ వేసవి తరువాత అభిమానుల నినాదమైంది.

మరింత చేదుగా గుర్తున్నది 1993. ఇండియానా రాష్ట్రానికి చెందిన స్టార్ ఆఫ్ ఇండియానా దళం బార్బర్, బార్టోక్ రచనలతో ఎవరూ ఊహించని రీతిలో ఒక ప్రదర్శన ఇచ్చింది. చాలామందికి అది కొరుకుడు పడలేదు. చివరకు కాడెట్స్ దళం చేతిలో పదో వంతు మార్కు తేడాతో స్టార్ రెండవ స్థానంలో నిలిచింది. ఆ తరువాత అది పోటీలకే స్వస్తి చెప్పి రంగస్థలం వైపు మరలింది. అక్కడ నుండి పుట్టిన "బ్లాస్ట్!" ప్రదర్శన 2001లో బ్రాడ్వేలో టోనీ పురస్కారం పొందింది. నేడు 1993 గురించి అడిగితే, ఆనాడే దాని గొప్పతనం గుర్తించామని ప్రతి అభిమానీ చెబుతాడు. అంతమంది నిజంగా గుర్తించి ఉంటే ఆ దళానికి అంత చిక్కు వచ్చేది కాదేమో.

యాత్రా జీవితం

సభ్యులు వేసవి అంతా బస్సులలో తిరుగుతూ, పాఠశాలల వ్యాయామశాలల నేలమీద పడుకుంటారు. రోజంతా ఎండలో సాధన చేస్తారు. చేతి తొడుగులు, మేజోళ్ళు ఉన్నచోట తెల్లగా, మిగిలినచోట నల్లగా మారిన చర్మం, గ్యాలను నీళ్ళ డబ్బా ఇక్కడి పరాచికాలకు ముడిసరుకు. దశాబ్దాల పాటు 22వ ఏట సభ్యత్వం ముగిసేది. దీనిని "ఏజ్ అవుట్" కావడం అంటారు. సీజను ఆఖరి రాత్రి ఆ మాట మీద ఎవరూ హాస్యమాడరు.

కాడెట్స్

1934లో న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్ పట్టణంలో హోలీ నేమ్ చర్చి పిల్లలతో మొదలైన కాడెట్స్ దళం పది డి.సి.ఐ. విజయాలు సాధించింది. వారి దళగీతంలో, హోలీ నేమ్ ఎన్నటికీ నిలిచి ఉంటుందనే భావం గల మాటల మొదటి అక్షరాలను అభిమానులు ఎఫ్.హెచ్.ఎన్.ఎస్.ఎ.బి. అని ఉత్తరాల చివర సంతకంగా పెట్టుకునేవారు. పాత లైంగిక వేధింపుల ఆరోపణలపై దావా ఖర్చులు మీదపడగా, దళం 2024లో దివాలా ప్రకటించి మూతపడింది. పూర్వ సభ్యులు ఇప్పటికీ ఆ ఆరు అక్షరాలతోనే సంతకం చేస్తున్నారు.